ఒకసారి తెరుచుకున్న తాళం మళ్ళీ ఎందుకు మొండికేస్తోంది

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మరొకరికీ పనికొస్తుంది. మూడు వారాల కిందట పిక్‌ల సెట్టు (తాళంచెవి లేకుండా తాళం తెరిచే సన్నని లోహపు పనిముట్లు), దాంతోపాటే వచ్చే పారదర్శక ప్లాస్టిక్ తాళం కొన్నారు. ఆ తాళం మొదటి రోజే పది నిమిషాల్లో తెరుచుకుంది. ఆ ఊపులో మాస్టర్ లాక్ కంపెనీ నంబర్ 3 తాళం తెచ్చుకున్నారు. అది మూడో రోజు ఒక్కసారి టక్కున తెరుచుకుంది, ఆ తర్వాత రెండు వారాలుగా ఎంత తంటాలు పడినా ఉలకడం లేదు, పలకడం లేదు. అదే కంపెనీది, ఇత్తడితో చేసిన మాస్టర్ 140 తాళం కొంచెం తిరిగి అక్కడే బిగుసుకుపోతోంది. రెండు పిక్‌లు వంగిపోయాయి, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. "నా చేతికి ఇది పట్టుబడేలా లేదు, మానేయనా?" అని అడిగారు.

మానేయకండి. మీరు రాసినవి నాలుగు కష్టాల్లా కనిపిస్తున్నాయి గానీ, వంగిన పిక్‌లు, వేళ్ళ నొప్పి, మళ్ళీ తెరుచుకోని నంబర్ 3, ఈ మూడింటి వెనక ఉన్నది దాదాపు ఒకే కారణం. నాలుగోది, ఆ ఇత్తడి తాళం కొంచెం తిరిగి ఆగిపోవడం, కష్టమే కాదు. మీ చెయ్యి దారిలోనే ఉందని ఆ తాళం చెబుతోంది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

అంతకంటే ముందు ఒక మాట. మీ సొంత తాళాలు, లేదంటే యజమాని ఒప్పుకుని ఇచ్చినవి మాత్రమే పిక్ చేయండి. సొంతవైనా సరే, వాడుకలో ఉన్నవాటిని ముట్టుకోకండి. తలుపుకున్న తాళం మీద సాధన చేస్తే పిన్‌ల అంచులు దెబ్బతినవచ్చు, స్ప్రింగ్ నలిగిపోవచ్చు, పిక్ కొన విరిగి లోపలే ఉండిపోవచ్చు. పిక్‌లు దగ్గర ఉంచుకోవడం గురించి ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది, మీరున్నచోట ఏముందో చూసుకోండి. ఈ అభిరుచిలో చాలాకాలంగా ఉన్నవాళ్ళు ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటారు, నేనూ అంతే.

ఇక తాళం లోపలికి వెళ్దాం. చాలామందికి ఈ భాగం తెలుసనిపిస్తుంది, కానీ దీన్ని బొమ్మగా చూడటం వేరు, చేతికి అర్థమవడం వేరు. తాళంచెవితో పాటు తిరిగే గుండ్రటి భాగం కోర్. తాళంచెవి దూరే సందు కీవే. కోర్‌కీ, దాని చుట్టూ ఉన్న దిమ్మకీ కలిపి వరసగా రంధ్రాలు తొలిచి ఉంటాయి, మీ రెండు మాస్టర్ తాళాల్లోనూ నాలుగేసి. ఒక్కో రంధ్రంలో తాళంచెవిని తాకే కీ పిన్, దాని మీద డ్రైవర్ పిన్, ఆ పైన స్ప్రింగ్. డ్రైవర్ పిన్ కొంత కోర్‌లో, కొంత దిమ్మలో ఉండి గడియలా అడ్డుపడుతుంది. సరైన తాళంచెవి పెడితే ప్రతి జతా సరిగ్గా కోర్ అంచు దగ్గరే విడిపోతుంది, కోర్ తిరుగుతుంది. ఆ అంచే షియర్ లైన్. అమెరికాకి చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860లలో పేటెంట్లు తీసుకున్న రూపం ఇదే. మూలసూత్రం ఈనాటికీ మారలేదు.

పిక్ చేయడం సాధ్యమవుతున్నది ఆ రంధ్రాల వల్ల. అవన్నీ ఒకే గీత మీద ఉండాలి, కానీ అంత కచ్చితంగా తొలిచే యంత్రం లేదు. ఒకటి వెంట్రుకవాసి ఇటు, ఇంకొకటి వెంట్రుకవాసి అటు ఉంటాయి. అందుకే టెన్షన్ టూల్ అనే బద్దతో కోర్‌ని తిప్పబోతే (ఆ తిప్పే ఒత్తిడినే టెన్షన్ అంటాం) పిన్‌లన్నీ ఒకేసారి నలగవు. ముందుగా ఒక్కటి ఇరుక్కుంటుంది. దాన్నే బైండింగ్ పిన్ అంటాం. ఆ ఒక్కదాన్ని షియర్ లైన్ దాకా లేపితే కోర్ పిసరంత తిరుగుతుంది, డ్రైవర్ పిన్ ఆ కొత్త అంచు మీద కూర్చుంటుంది (పిన్ సెట్ అవడం అంటే ఇదే), ఇప్పుడు వేరే పిన్ ఇరుక్కుంటుంది. ఇలా ఒకదాని తర్వాత ఒకటి. పని మొత్తం ఇంతే. "ఇప్పుడు ఇరుక్కున్నది ఏది?" అన్న ఒక్క ప్రశ్నను తాళాన్ని నాలుగుసార్లు అడగడం.

మీ పారదర్శక తాళం ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం లేకుండా చేసింది. అందులో పిన్‌లు వదులుగా ఉంటాయి, షియర్ లైన్ కంటికి కనిపిస్తుంది. మీరు చూసి లేపారు, వేళ్ళతో విని లేపలేదు. లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి వస్తువు లేదు, కాకపోతే దాని పని అక్కడితో అయిపోతుంది. ఇంకా వాడాలనుకుంటే గుడ్డ చుట్టి వాడండి.

నంబర్ 3 ఒకసారి తెరుచుకుని మళ్ళీ ఎందుకు తెరుచుకోలేదు? ఆ రోజు మీరు ఏం చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ పిన్ మొదట సెట్ అయింది? చివరిది ఏది? చెప్పలేకపోతే ఆ రోజు తెరిచింది మీ నైపుణ్యం కాదు, యాదృచ్ఛికం. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. నంబర్ 3 లాంటి వదులైన తాళాన్ని పిక్‌తో కెలుకుతూ టెన్షన్ మారుస్తూ పోతే ఏదో ఒక క్షణంలో పిన్‌లన్నీ సరైన ఎత్తులో కలుస్తాయి. రేక్ అనే పిక్ చేసే పని కూడా అదే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ గెలుపు తర్వాత మనం అదే మళ్ళీ చేయాలని చూస్తాం. అప్పుడు ఏం చేశామో తెలియదు కాబట్టి మళ్ళీ చేయడానికి ఏమీ లేదు. మీ బాధంతా అక్కడే ఉంది. తెరుచుకున్నా కారణం తెలియదు, తెరుచుకోకపోయినా కారణం తెలియదు. అలా ఎన్ని గంటలు కూర్చున్నా అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే, చెయ్యి ఏమీ నేర్చుకోదు.

అందుకే కొన్నాళ్ళు తాళం తెరవాలన్న కోరికే పక్కన పెట్టమంటాను. రేక్‌లన్నీ డబ్బాలో పెట్టేయండి. ఒక పొట్టి హుక్ (కొన పైకి వంగిన పిక్), ఒక టెన్షన్ టూల్, ఇవి చాలు.

అసలు కారణానికి వస్తాను. పిక్ పట్టుకున్న చేతి గురించే అందరూ ఆలోచిస్తారు. తప్పు జరుగుతున్నది రెండో చేతిలో. వంగిన పిక్‌లు, వేళ్ళ నొప్పి అని మీరు రాయగానే నాకు కనిపించింది మీ టెన్షన్ వేలు. మీరు దాన్ని చాలా గట్టిగా నొక్కుతున్నారు. ఎంత గట్టిగా అంటే, ఒకటికి బదులు రెండు మూడు పిన్‌లు ఒకేసారి ఇరుక్కుంటున్నాయి. అన్నీ గట్టిగా ఉన్నప్పుడు ఇరుక్కున్న పిన్‌కీ సెట్ అయిన పిన్‌కీ తేడా తెలియదు. తేడా తెలియక ఇంకా బలంగా లేపుతారు, పిక్ వంగుతుంది. పిక్ జారకుండా పట్టు బిగిస్తారు, వేళ్ళు నొప్పి పుడతాయి. కోపం వస్తుంది, కోపంతో టెన్షన్ ఇంకా పెరుగుతుంది. నేను ఈ సుడిగుండంలో దాదాపు నాలుగు నెలలు ఉన్నాను. అప్పట్లో నా సెట్టులో నిటారుగా ఉన్న హుక్ ఒక్కటీ లేదు.

"తేలిగ్గా నొక్కండి" అని అందరూ చెబుతారు. ఆ సలహా నిజమే గానీ దానితో ఎవరి చెయ్యీ బాగుపడగా నేను చూడలేదు, ఎందుకంటే "తేలిక" అంటే ఎంతో ఎవరూ చెప్పరు. కొలిచే పద్ధతి ఒకటి చెబుతాను. ముందు టెన్షన్ టూల్ పెట్టకుండానే పిక్‌తో లోపలి పిన్ నుంచి బయటి పిన్ దాకా అన్నింటినీ ఒక్కోసారి లేపి వదలండి. అన్నీ స్ప్రింగు మీద ఎగురుతుంటాయి. ఆ అనుభూతి వేలికి గుర్తుండాలి, అదే మీ సున్నా. ఇప్పుడు టెన్షన్ టూల్ పెట్టి, దాని కొన మీద వేలు ఊరికే ఆనించండి, నొక్కకండి. మళ్ళీ నాలుగూ తడమండి. ఇంకా ఎగురుతుంటే పిసరంత పెంచండి, మళ్ళీ తడమండి. అలా పెంచుకుంటూ పోతే ఒకచోట నాలుగింటిలో ఒక్కటి మాత్రం మొండికేస్తుంది, మిగతా మూడూ ఇంకా ఎగురుతూనే ఉంటాయి. అక్కడ ఆగండి. ఆ తాళానికి, ఆ క్షణానికి సరైన బరువు అదే. సున్నా నుంచి పైకి ఎక్కుతూ వెతకాలి. బరువుగా మొదలుపెట్టి తగ్గిద్దామనుకుంటే చెయ్యి ఎప్పుడూ తగ్గించనివ్వదు.

ఇంకో గుర్తు మీ గోరు. టెన్షన్ వేలి గోరు కింద రంగు పోయి తెల్లబడుతోందంటే ఎక్కువైపోయినట్టే. మధ్యమధ్య చూసుకోండి.

మరీ తక్కువైతే? పిన్ టక్ మంటుంది గానీ నిలవదు, పిక్ తీయగానే కిందికి వచ్చేస్తుంది. కొత్తవాళ్ళలో ఇది అరుదు, అయినా జరుగుతుంది. టెన్షన్ అంటే ఒకసారి పెట్టి మరిచిపోయే బరువు కాదు, పట్టూ విడుపూ రెండూ ఉండాలి. పిన్ వెతికేటప్పుడు కొంచెం తేలిక, లేపేటప్పుడు కొంచెం నిలకడ, కింద చెప్పబోయే స్పూల్ పిన్ దగ్గర నెమ్మదిగా విడుపు. చెయ్యి తిరిగినవాళ్ళ టెన్షన్ వేలు చూస్తే కదలనట్టే ఉంటుంది, నిజానికి అది అనుక్షణం మారుతూనే ఉంటుంది.

టెన్షన్ టూల్ ఎక్కడ పెడుతున్నారన్నదీ ముఖ్యమే. సెట్టుతో వచ్చే ఎల్ ఆకారపు బద్దను అందరూ పిన్‌లకు ఎదురు వైపు, కీవే అడుగున పెడతారు. పనిచేస్తుంది, కానీ సన్నని కీవేలో సగం చోటు అదే తినేస్తుంది, పిక్ దానికి రాసుకుంటుంది. ఆ రాపిడి వేలికి పిన్ కదలికలా అనిపించి తప్పుదారి పట్టిస్తుంది. చదునైన, కీవేలో కదలకుండా సరిపోయే బద్దను పిన్‌ల వైపు అంచున, మొదటి పిన్‌ని తాకకుండా పెట్టి చూడండి. పిక్‌కి చోటు దొరుకుతుంది. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే తాళం కొత్తగా వినిపిస్తుంది. పాత వైపర్ బ్లేడ్లలో రబ్బరుకి ఇరువైపులా ఉండే సన్నని స్టీలు బద్దలను కోసి వంచితే ఇలాంటి టూల్స్ చక్కగా తయారవుతాయి.

ఇప్పుడు పిన్ చెప్పే మాటలు. సరైన టెన్షన్ ఉన్నప్పుడు ఏ పిన్ అయినా నాలుగు స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది. మెత్తగా ఎగిరితే దాని వంతు ఇంకా రాలేదు, వదిలేయండి. రాయిలా గట్టిగా ఉండి స్ప్రింగు తెలియకపోతే అది ఇరుక్కున్న పిన్, దాన్నే లేపాలి. సెట్ అయిన పిన్ దగ్గర డ్రైవర్ పైన ఆగిపోయి ఉంటుంది, కింద కీ పిన్ మాత్రం వదులుగా కొంచెం ఆడుతుంది. స్ప్రింగు ఒత్తిడి ఉండదు, ఊగిసలాట ఉంటుంది. నాలుగోది ఓవర్‌సెట్. అవసరానికి మించి లేపడం వల్ల కీ పిన్ కూడా షియర్ లైన్ దాటి అక్కడ ఇరుక్కుపోతుంది. చాలాసార్లు అది పైకి వెళ్ళిపోయి పిక్‌కి అందకుండా ఉంటుంది, లేదా గట్టిగా తగులుతుంది గానీ ఎంత చేసినా ఏ మార్పూ ఉండదు.

ఈ నాలుగింటిలో రెండోదానికీ మూడోదానికీ తేడా తెలియడమే మొదటి ఏడాది చదువంతా. దానికి నాకు తెలిసిన అత్యుత్తమ దారి, విప్పి మళ్ళీ పిన్‌లు మార్చుకోగలిగే సాధన సిలిండర్ (కోర్, దిమ్మ, పిన్‌లు ఉండే తాళపు భాగం) ఒకటి సంపాదించడం. మీ మాస్టర్ తాళాలు విప్పడానికి వీలుగా ఉండవు, వాటిని పాడుచేయకండి. సిలిండర్‌లో ఒకే ఒక్క పిన్ జత ఉంచి మిగతావన్నీ తీసేయండి. టెన్షన్ పెట్టి ఆ ఒక్కదాన్ని లేపండి, కోర్ తిరుగుతుంది. చాలా సులువుగా ఉందని వదిలేయకండి. యాభైసార్లు చేయండి. టెన్షన్ బాగా పెంచి ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి, కళ్ళు మూసుకుని ఒకసారి. ఇరుక్కున్న పిన్ ఎలా ఉంటుందో, అది విడిపోయే క్షణం వేలికి ఎలా తగులుతుందో అక్కడ ఏ గందరగోళమూ లేకుండా వినిపిస్తుంది. తర్వాత రెండు పిన్‌లు. ఏది ముందు ఇరుక్కుంటోందో చెప్పగలగాలి. తర్వాత మూడు. మూడు దగ్గర తడబడితే సిగ్గుపడకుండా రెండుకి వెళ్ళండి.

సిలిండర్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కోర్‌ని ఊరికే లాగేస్తే స్ప్రింగులు, డ్రైవర్ పిన్‌లు ఎగిరిపోతాయి. కోర్ మందమే ఉన్న గుండ్రటి కడ్డీని, ఫాలోయర్ అంటాం, కోర్ వెనకే తోస్తూ రావాలి, అప్పుడు డ్రైవర్‌లు తమ రంధ్రాల్లోనే ఉంటాయి. గుడ్డ పరిచిన లోతైన పళ్ళెంలో ఈ పని చేయండి.

సిలిండర్ లేకపోయినా ఈ రాత్రి నుంచే చేయదగ్గది ఒకటుంది. నంబర్ 3 తీసుకుని, దాన్ని తెరవకుండా, మొదట ఇరుక్కునే పిన్ ఏదో మాత్రమే కనిపెట్టండి. కాగితం మీద రాయండి. టెన్షన్ పూర్తిగా వదిలి మళ్ళీ మొదలుపెట్టండి. పదిసార్లు చేస్తే పదిసార్లూ అదే పిన్ రావాలి. ఒకసారి రెండో పిన్, ఇంకోసారి నాలుగో పిన్ వస్తుంటే టెన్షన్ ఎక్కువగా ఉందని, లేదంటే ఒక్కోసారి ఒక్కోలా మారుతోందని అర్థం. అది కుదిరాక కోర్‌ని రెండో దిశలో తిప్పుతూ చూడండి. ఆ దిశలో తెరుచుకోకపోయినా పరవాలేదు, ఇరుక్కునే వరస సాధారణంగా మారిపోతుంది. అదే తాళం మీకు రెండు పాఠాలు చెబుతుందన్నమాట.

ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ఒక ప్రయత్నం విఫలమయ్యాక టెన్షన్‌ని ఒక్కసారిగా వదిలేయకుండా చాలా నెమ్మదిగా తగ్గిస్తూ చెవి పెట్టండి. పడిపోయే ప్రతి పిన్ టక్ మంటుంది. మూడు శబ్దాలు వినిపించాయంటే మూడు నిలిచాయి, మీరు గెలుపుకి ఒక్క పిన్ దూరంలో ఉన్నారు. ఏమీ వినిపించకపోతే ఇంతసేపూ ఏదీ సెట్ కాలేదు. ఓడిపోయినప్పుడు కూడా ఏం జరిగిందో తెలియడం ఇక్కడ మొదలవుతుంది.

పిక్ చేతి వైపు నుంచి వచ్చే కష్టాల్లో అతి పెద్దది, మనకు తెలియకుండా ముందున్న పిన్‌లను లేపేయడం. లోపలి పిన్‌ని లేపాలని కొన మీదే మనసు పెడతాం, ఆ సమయంలో పిక్ కాడ బయటి పిన్ కింద ఆనుకుని దాన్ని ఓవర్‌సెట్ చేస్తుంది. ముఖ్యంగా బయట పొడవాటి కీ పిన్, దాని వెనకే పొట్టిది ఉన్నచోట ఇది తప్పనిసరిగా జరుగుతుంది. పొట్టి కీ పిన్‌ని చాలా ఎత్తుకు లేపాలి, దారిలో పొడవాటిది వేలాడుతూ ఉంటుంది. అక్కడ పొట్టి హుక్ వదిలి ఇంకొంచెం లోతైన హుక్ తీసుకోవాలి, కాడను కీవే అడుగున ఆనించి కొనను మాత్రం పైకి తిప్పాలి. పిక్‌ని మొత్తంగా ఎత్తకూడదు, మీటలాగా తిప్పాలి. ఈ ఒక్క కదలిక తెలియక నేను ఒక తాళం దగ్గర రెండు వారాలు ఆగిపోయాను. సమస్య మూడో పిన్‌లో ఉందనుకుంటూ రోజూ మొదటి పిన్‌ని పాడుచేస్తున్నాను.

ఏ పిన్ కింద ఉన్నామో తెలియకపోవడం కూడా ఇందులో భాగమే. లైటు వేసి కీవేలోకి చూసి పిన్‌లు లెక్కపెట్టండి. తర్వాత పిక్‌ని చివరిదాకా తోసి, ఒక్కో పిన్ జారి కొన కిందికి దిగడం వింటూ బయటికి లాగండి. కావాలంటే పిక్ కాడ మీద మార్కర్‌తో గీతలు పెట్టుకోండి, కొన్నాళ్ళకు అవసరం ఉండదు.

ఓవర్‌సెట్ అయిందని అనుమానం రాగానే చాలామంది విసుగుతో మొత్తం వదిలేస్తారు. కాస్త ఆగండి. ఆ తప్పులో సమాచారం ఉంది. 1818లో ఇంగ్లాండుకు చెందిన జెరెమయా చబ్ పేటెంట్ తీసుకున్న డిటెక్టర్ తాళం పనితీరే ఇది. అందులో పిన్‌లకు బదులు లీవర్‌లు, అంటే తాళంచెవి లేపే లోహపు పలకలు ఉండేవి. ఏ లీవర్‌నైనా అవసరానికి మించి లేపితే తాళం బిగుసుకుపోయేది, ఎవరో కెలికారని యజమానికి తెలిసేది. 1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరుగుతున్నప్పుడు అమెరికాకి చెందిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ ఆ బిగింపునే వాడుకున్నాడు. బిగుసుకున్న ప్రతిసారీ, ఆ లీవర్‌ని ఎంతవరకు లేపకూడదో ఆయనకు తెలిసిపోయింది. మీరూ అదే చేయండి. టెన్షన్‌ని నెమ్మదిగా తగ్గిస్తూ ఏ పిన్ దగ్గర పడిన శబ్దం వచ్చిందో చూడండి. తర్వాతి ప్రయత్నంలో ఆ పిన్ దగ్గర సగం బలమే పెట్టండి.

ఇప్పుడు మీ ఇత్తడి తాళం. మాస్టర్ 140లో స్పూల్ పిన్‌లు ఉంటాయి. స్పూల్ అంటే దారపు కండెలాగా నడుము సన్నగా ఉన్న డ్రైవర్ పిన్. లేపుతుండగా ఆ నడుము షియర్ లైన్ దగ్గరికి రాగానే కోర్ ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు తిరుగుతుంది, తెరుచుకుందేమో అనిపిస్తుంది, అక్కడ ఆగిపోతుంది. దీన్నే ఫాల్స్ సెట్ అంటారు. పేరులో అబద్ధం ఉన్నా అది మీకు నిజమే చెబుతోంది. మిగతా పిన్‌లు దాదాపు అన్నీ సరైన చోట ఉన్నాయి, స్పూల్ ఒకటో రెండో మిగిలాయి, అంతే. మూడు వారాల్లో ఫాల్స్ సెట్ దాకా వచ్చిన చేతిని పట్టుకుని ఇది నాకు రాదంటున్నారు మీరు.

అక్కడ మీరు చేస్తున్నది నేను ఊహించగలను. ఇంకొంచెం తిప్పితే వచ్చేస్తుందని టెన్షన్ పెంచుతున్నారు. స్పూల్ నడుము అంచుకి పట్టుకుని ఉంది, మీరు తిప్పేకొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చేయాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కోర్ తిరిగి ఆగాక అదే టెన్షన్‌తో పిన్‌లను ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కి చూడండి. సెట్ అయినవి ఊరికే ఆడతాయి. ఒకదాన్ని నొక్కినప్పుడు మాత్రం టెన్షన్ టూల్ మీ వేలిని వెనక్కి తోస్తుంది. కోర్ మూసుకునే దిశలో తిరగబోతోంది. దాన్ని కౌంటర్ రొటేషన్ అంటారు. అదే స్పూల్. ఇప్పుడు ఆ పిన్ మీద పిక్‌ని నిలకడగా ఉంచి, టెన్షన్ వేలిని కొంచెం కొంచెంగా సడలించండి, కోర్‌ని వెనక్కి తిరగనివ్వండి. స్పూల్ కింది అంచు నెమ్మదిగా పైకెక్కి షియర్ లైన్ దాటుతుంది, ఒక టక్ వినిపిస్తుంది, కోర్ మళ్ళీ ముందుకి వస్తుంది.

గెలిచినట్టే ఉన్న కోర్‌ని వెనక్కి వదలడానికి మనసు ఒప్పుకోదు. కష్టమంతా అందులోనే ఉంది. పైగా వెనక్కి తిరిగేటప్పుడు సెట్ అయిన మరో పిన్ పడిపోవచ్చు. పడనివ్వండి. అది మామూలే, మళ్ళీ దాన్ని లేపి ముందుకి రండి. అన్నీ పడిపోతే టెన్షన్ మరీ ఎక్కువ సడలించారు. మొదట్లో నాలుగింట మూడుసార్లు ఇలాగే అవుతుంది. ఒకసారి ఆ వెనక్కి తోసే స్పర్శ వేలికి తెలిసిందంటే, స్పూల్‌లు లేని తాళాలకంటే స్పూల్‌లు ఉన్నవే ఇష్టమవుతాయి, అవి అంత స్పష్టంగా మాట్లాడతాయి.

సెరేటెడ్ పిన్‌లు, అంటే ఒంటి నిండా గాట్లున్నవి, అమెరికన్ లాక్ 1100 లాంటి వాటిలో వస్తాయి. ఒక్కో గాటు దగ్గరా సెట్ అయినట్టు టక్ మని మోసం చేస్తాయి. ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి. డింపుల్ తాళాలు (తాళంచెవి మీద గుంటలుండేవి), డిస్క్ డిటైనర్‌లు (పిన్‌లకు బదులు తిరిగే బిళ్ళలుండేవి) కూడా అంతే, వాటికి పరికరాలే వేరు.

పరికరాల గురించి పెద్దగా చెప్పేది లేదు. ముప్పై పిక్‌ల సెట్టులో మీకు పనికొచ్చేవి మూడో నాలుగో ఉంటాయి. అచ్చులో కోసి అలాగే వదిలేసిన పిక్‌ల అంచులు గరుగ్గా ఉంటాయి, ఆ గరుకు పిన్‌ల మీద రాసుకుంటూ లేనిపోని కబుర్లు చెబుతుంది. 400 నంబరు నీటి ఎమెరీ కాగితంతో మొదలుపెట్టి 600, 1000 దాకా రుద్ది నునుపు చేయండి. అరగంట పని, తేడా వెంటనే తెలుస్తుంది. మందం 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఉన్నవి మీ తాళాలకు సరిపోతాయి. 0.015, 0.018 అంగుళాల సన్నవి ఇరుకు కీవేలకు. చేతిలో బరువు తగ్గకముందే సన్నవి కొంటే అవీ వంగిపోతాయి.

ఒకేసారి రెండు గంటలు కూర్చోవద్దు. ఇరవై నిమిషాలు దాటాక వేళ్ళు మొద్దుబారతాయి, తెలియకుండానే పట్టు బిగుస్తుంది. పిక్‌ని పెన్సిల్‌లా పట్టుకోండి, ఆ చేతి వేలొకటి తాళం ఒంటికి ఆనించండి, చెయ్యి గాలిలో వణకదు. కొన్నాళ్ళు తాళాన్ని చిన్న వైస్‌లో బిగించి చేస్తే రెండు చేతులూ తమ తమ పని నేర్చుకుంటాయి. తర్వాత చేతిలో పట్టుకుని చేయవచ్చు.

సిలిండర్‌తో సాధన మొదలుపెట్టాక ఒకటి తప్పకుండా ఎదురవుతుంది, ముందే చెబితే భయపడరు. తెరిచిన ఆనందంలో కోర్‌ని 180 డిగ్రీలు తిప్పేస్తే, కీవే సందు డ్రైవర్ పిన్‌ల కిందికి వస్తుంది, అవి అందులోకి జారి కోర్ ఎటూ తిరగకుండా బిగుసుకుంటుంది. తాళం పాడవలేదు. చదునైన పిక్ వీపుతో వాటన్నింటినీ ఒకేసారి పైకి నొక్కి పట్టి కోర్‌ని మెల్లగా తిప్పేయండి.

వీడియోల్లో అర నిమిషంలో తెరిచేవాళ్ళతో పోల్చుకుంటున్నానని మీరు రాశారు. ఆ అర నిమిషానికి ముందు అదే తాళంతో వాళ్ళు గడిపిన సాయంత్రాలు వీడియోలో ఉండవు. పైన చెప్పిన హాబ్స్ అదే 1851లో లండన్‌లోని బ్రామా కంపెనీ తాళాన్ని కూడా తెరిచాడు. తెరిచినవారికి 200 గినీలు (పాత బ్రిటిష్ డబ్బు) ఇస్తామని ప్రకటించి ఆ తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి అప్పటికి 60 ఏళ్ళు దాటింది. ఆ ఒక్క తాళానికి ఆయనకు పట్టింది 51 గంటలు, 16 రోజుల మీద. తన కాలంలో అంత పేరున్న చెయ్యి ఒక తాళం ముందు అన్ని రోజులు కూర్చుంది.

కాబట్టి ఈ వారం ఇలా చేయండి. నంబర్ 3 మీద మొదటి బైండింగ్ పిన్ పరీక్ష, రోజూ పదిసార్లు, కాగితం మీద రాస్తూ. పదికి పది ఒకే పిన్ వచ్చిన రోజున రెండో పిన్ వెతకండి, అంతకుముందు వద్దు. మధ్యలో తాళం దానంతట అదే తెరుచుకుంటే సంతోషమే, మూసేసి మళ్ళీ లెక్క మొదలుపెట్టండి. వారం చివర ఇత్తడి తాళాన్ని ఫాల్స్ సెట్ దాకా తీసుకెళ్ళి, ఏ పిన్‌ని నొక్కితే టూల్ మీ వేలిని వెనక్కి తోసిందో చూడండి. తెరవడానికి ప్రయత్నించకపోయినా సరే. కాగితం మీదున్న అంకెలు, ఆ పిన్ నంబరు ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో వాటిని చూసి చెబుతాను.